దక్షిణం వైపు అతుకులు

మే 6

ఇన్‌స్పెక్టరమ్మ గారికి,

మీ మేనమామ రాస్తున్నది. ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు కాబట్టి కాగితం తీశాను. మీ అత్త పక్కన కూర్చుని "మెల్లగా రాయండి, కాగితం చిరుగుతోంది" అంటోంది. చిరగనీ.

గురువారం డయాలసిస్ సెంటరు పైకప్పు చూడ్డానికి నువ్వే వస్తున్నావని మీ షీటు కంపెనీ వాళ్ళు చెబితే, పొద్దున్నే గడ్డం గీసుకుని వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను. నా మేనకోడలు వస్తోందని మేస్త్రికీ మనుషులకీ చెప్పుకున్నాను. నువ్వు కారు దిగావు. నెత్తిన టోపీ పెట్టుకున్నావు. నమస్కారం అన్నావు. కరెంటు మీటరు చూసిపోయేవాడు కూడా అంతకంటే ఆప్యాయంగా పలకరిస్తాడు. చకచకా నిచ్చెన ఎక్కావు. దిగేటప్పటికి నీ చేతిలో ఎర్ర మార్కరు మొన అరిగిపోయి ఉంది. రిపోర్టు వస్తుందని ఒక్క ముక్క చెప్పి కారెక్కేశావు.

మా ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. దారి మరిచిపోయావా? ఆ ఇంట్లోనే కదా పెరిగావు. మీ అత్త మంచం మీద ఉతికిన దుప్పటి వేసి, సాయంత్రం దాకా గుమ్మంలోనే కుట్టుపని పెట్టుకుని కూర్చుంది. వీధిలో ఏ కారు ఆగినా లేచి చూసింది.

ఇక ఆ రిపోర్టు సంగతి. అది ముందు నాకు రాలేదు, డాక్టరమ్మకి వెళ్ళింది. ఆవిడ నన్ను లోపలికి పిలిచి, మంచాల మీద అంతమంది పడుకుని ఉండగా, "మీ పని పాసవ్వలేదటండీ. దక్షిణం వైపు సగం మళ్ళీ చెయ్యాలట" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. గచ్చు మీద తారు కాచి పోసుకునే రోజుల్లో, ఈ ఊళ్ళో పైకప్పుల మీద వాన దిగకుండా మొదట తెల్ల ప్లాస్టిక్ షీటు పరిచినవాణ్ణి నేను. షీటు అంచు మీద ఇంకో షీటు అంచు ఎక్కించి, మధ్యలోకి వేడి గాలి కొట్టి, రెండూ కరిగి ఒకటయ్యేలా రోలరుతో నొక్కడం నీకు ఎవరు నేర్పారు? హీట్ గన్ను పట్టుకుని చెయ్యి కాల్చుకుని ఏడుస్తుంటే నీళ్ళు పోసింది ఎవరు? ఆ చేత్తోనే నా పని మీద గీతలు గీశావు.

ఆ రిపోర్టు వెనక్కి తీసుకో. లేదా వచ్చి, నా మొహం చూసి, నీ పని బాగాలేదు మామయ్యా అని చెప్పు.

ఒళ్ళు మండుతూ,
మామయ్య


మే 11

కాంట్రాక్టరు గారికి,

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను.

మీ ఇంటికి రాకపోవడానికి కారణం ఉంది. పని తనిఖీ చేసేవాళ్ళు కాంట్రాక్టరు ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకూడదని మా కంపెనీ నియమం. చుట్టరికం ఉంటే మరీ కూడదు. ఆ వీధి దాటేటప్పుడు నేను తల తిప్పకుండా కారు నడిపాను. ఎలా నడిపానో మీకు రాయాల్సిన అవసరం లేదు.

రిపోర్టు ముందు భవనం యజమానికి వెళుతుంది. అందరి విషయంలోనూ అంతే.

మొహం చూసి చెప్పమన్నారు. చెప్పేదాన్నే. ఏ ఊళ్ళో తనిఖీకి వెళ్ళినా కాంట్రాక్టరు నాతోపాటు పైకి వచ్చి, అతుకు అతుకూ నాతో నడుస్తాడు. మీరు మాత్రం చేతులు కట్టుకుని నిచ్చెన కింద నిలబడిపోయారు. నాతో నడవడం మీకు చిన్నతనం అనిపించి ఉంటుంది. నా వెనక మీ మేస్త్రిని పంపారు. నేను మోకాళ్ళ మీద కూర్చున్న ప్రతిచోటా ఆయన నెత్తిమీద నిలబడి, అది బానే ఉంది, ఇది బానే ఉంది అంటూ వచ్చాడు. ఎండ నాకు తగలకుండా ఆయన నీడ పడింది, ఆ ఒక్క ఉపకారం చేశాడు.

ఉత్తరం వైపు అతుకుల వెంట, అతికిందో లేదో చూసే సన్న కొక్కెం పెట్టి లాక్కుంటూ వెళ్ళాను, ఎక్కడా దిగలేదు. అంత శుభ్రమైన పని ఈ మధ్య చూడలేదు. దక్షిణం వైపుకి వచ్చేసరికి అదే కొక్కెం వెన్నలోకి దిగినట్టు దిగింది. ఒకచోట చేత్తో పట్టుకుంటే అతుకు మూరెడు పొడవున లేచి వచ్చింది. పైకి చూస్తే అతికినట్టే ఉంది, లోపల అతకలేదు. గట్టి గాలి వస్తే ఆ సగం పైకప్పు లేస్తుంది. వాన వస్తే ఆ నీళ్ళు మిషన్ల మీదా, వాటికి రక్తం అప్పగించి కదలకుండా పడుకున్నవాళ్ళ మీదా పడతాయి. వాళ్ళు గంటల తరబడి చూసేది కప్పునే.

రిపోర్టు వెనక్కి తీసుకోను.

అమ్మకి పంటి చిగురు వాచింది. దవడకి గుడ్డ కట్టుకుని, మాట రాకపోయినా, సైగలతో తమ్ముడి పక్షమే వాదిస్తోంది.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు


మే 15

"మీరు" అట!

నీ ఉత్తరం మీ అత్త పైకి చదివింది. "మీ ఉత్తరం అందింది" దగ్గరే ఆపమన్నాను. ఎవరికి వచ్చింది, ఇంకోసారి కవరు చూడు అన్నాను. మాటలు వచ్చిన రోజు నుంచీ నన్ను నువ్వు అని పిలిచినదానివి. బడికి దింపడం ఆలస్యమైతే ఒరేయ్ అని కూడా అన్నావు. తిట్టాల్సిందేదో తిట్టు, పడతాను. ఈ "మీరు" పడను.

నీ కోపం ఎక్కడ పుట్టిందో నాకు తెలియదనుకోకు. మేస్త్రిగా నిన్ను పెట్టలేదని నీ కడుపులో కక్ష ఉంది. ఇన్నాళ్ళూ దాచుకున్నావు. చేతికి మార్కరు రాగానే కక్కావు. నేనేమైనా నిన్ను వెళ్ళగొట్టానా? కంపెనీ వాళ్ళు కారిస్తామన్నారు, టోపీ పెడతామన్నారు, మారు మాట లేకుండా పోయావు. పోయేటప్పుడు వద్దనలేదు నేను. మంచి జీతం వస్తుంటే వద్దనడానికి నేనెవర్ని?

మేస్త్రిని కూర్చోబెట్టి అడిగాను. రోజూ పొద్దున్నే ఒక ముక్క అతికించి, చల్లారాక లాగి చూసి, గట్టిగా ఉన్నాకే వేడి గాలి మిషను నడిపాం అన్నాడు. నాకు నా మనిషి మాట చాలు. నువ్వు గంటసేపు చూశావు, వాడు నెలల తరబడి అక్కడే మోకాళ్ళు అరగదీసుకున్నాడు.

పైకి రాలేదంటావా. నాకు కింద వంద పనులుంటాయి. నీకు సంజాయిషీ ఇవ్వాలా?

పక్కింటాయన నీళ్ళ ట్యాంకు మళ్ళీ పొంగుతోంది. మన గోడ ఉబ్బింది. వెళ్ళి అరిచాను. ఆయన తలుపు తీసి, "ఇవాళ ఇది మూడో ఇల్లా, నాలుగో ఇల్లా" అని అడిగాడు. ఊరంతా నా కోపం గురించి మాట్లాడుకునేలా చేశావు, సంతోషమేనా?

అక్క పన్ను పీకించు. లవంగం, వేడి నీళ్ళు అంటూ నాన్చకు.

మామయ్య
(నీకు ఎవరో కాంట్రాక్టరు)


మే 20

మామయ్యా,

సరే, నువ్వు అనే అంటున్నాను. ఇప్పుడు విను.

నేను కారు కోసం వెళ్ళానా? షెడ్డులో అందరూ ఉన్నారు ఆ రోజు. పాత మేస్త్రి మానేశాడు, కొత్త మేస్త్రి ఎవరని మాట వచ్చింది. మన పనివాళ్ళలో పొడుగు నా పేరే చెప్పాడు. అన్నిటికీ గొణిగే మన గొణుగుడాయన కూడా తల ఊపాడు. నువ్వు షీటు చుట్ట మీద కూర్చుని నవ్వి, "ఆడపిల్ల మాట మగాళ్ళు వింటార్రా?" అన్నావు. అందరూ నవ్వారు. నువ్వే మొదలుపెట్టావు కాబట్టి నవ్వారు. నేను కేబులు చుడుతున్నాను. చుట్టి మూలన పెట్టి ఇంటికి వెళ్ళాను. మర్నాడు పిలుస్తావనుకున్నాను. ఆ వారమంతా పిలుస్తావనుకున్నాను. అప్పటికి ఏ కంపెనీ నన్ను పిలవలేదు. వెతుక్కుని, తిరిగి, అడుక్కుని తెచ్చుకున్న ఉద్యోగం అది. టోపీ పెట్టుకుంది ఎండ కోసం. నీకు గొప్ప చూపించడానికి కాదు.

కక్ష ఉందా అంటే, ఉంది. నిండా ఉంది. కానీ కక్ష తీర్చుకోవాలంటే నేనేం చెయ్యాలి? కళ్ళు మూసుకుని పాస్ చేస్తే చాలు. తొలి వానకి నీ పరువు, నీ సంతకం, నీ గ్యారంటీ అన్నీ కలిసి తూములోంచి కొట్టుకుపోయేవి. ఆ ఎర్ర గీతలు గీస్తుంటే నాకు సంతోషంగా ఉందనుకున్నావా?

ఈ కవరులో ఒక షీటు ముక్క పెట్టాను. దక్షిణం వైపు నుంచి కోసింది. కోసినచోట గొణుగుడాయన నా ముందే హీట్ గన్నుతో అతుకు వేశాడు, భయపడకు. నువ్వే నాకు చెప్పావు, అతుకు బాగుంటే లాగినప్పుడు అతుకు ఊడదు, షీటే చిరుగుతుంది, లోపలి దారాలు బయటికి వస్తాయి అని. దీన్ని లాగు. మేస్త్రి చేత లాగించకు, నీ చేతుల్తో లాగు.

ఎందుకిలా అయిందో కూడా చెబుతాను. కింద నుంచి పైకి ఒకటే సన్నటి కేబులు వచ్చింది. దక్షిణం వైపుకి వచ్చాక దాని మీదే రెండు మిషన్లు నడిపారు. కరెంటు చాలక గాలి వేడెక్కలేదు. మిషను అద్దంలో మాత్రం అంకె సరిగ్గానే కనిపిస్తుంది. పొద్దున ముక్క అతికించినప్పుడు ఒక్క మిషనే నడిచి ఉంటుంది, అందుకే గట్టిగా అతికింది. తొందరగా ముగించాలని తర్వాత రెండోది తగిలించారు. ఇదంతా పైకి వెళ్ళి ఒక్కసారి కేబులు చూసినవాళ్ళకి తెలుస్తుంది. నీకు తెలియకపోవడమే నాకు అర్థం కావడంలేదు. నువ్వు పైన ఉండగా ఇది జరగదు. మరి ఎక్కడున్నావు?

అమ్మకి పన్ను పీకించాను. ఇప్పుడు మాట స్పష్టంగా వస్తోంది. అది నాకు కష్టమే అయింది.

నీ మీద పళ్ళు నూరుతూ, నువ్వు పెట్టిన పేరుతోనే,
చిటపట


మే 26

చిటపటా,

ముందు ఇది చెప్పు. నా పైకప్పు కొయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయి?

నీ కవరు విప్పలేదు. బల్ల మీద పడేశాను. మీ అత్త దాన్ని పక్కకి జరిపి గుడ్డ పరుచుకోబోయి, లోపల ఏదో ఉందని తీసింది. ఇదేమిటండీ అంటూ రెండు వేళ్ళతో ఇటూ అటూ లాగింది. ఊడి వచ్చింది. బలం పెట్టలేదు మనిషి. రెండు ముక్కలూ నిగనిగలాడుతున్నాయి, ఒక్క దారం పైకి రాలేదు. నా వైపు ఒకసారి చూసి, కుట్టు మొదలుపెట్టింది. ఆ చూపు నీ ఎర్ర గీతలన్నిటికంటే ఎక్కువ మండింది.

ఆ ముక్కలు జేబులో వేసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. కేబులు సంగతి అడిగాను. వాడు తడుముకోలేదు. రెండు మిషన్లు పెట్టకపోతే వానల్లోపు పూర్తవదని మీరే తొందరపెట్టారుగా అన్నాడు. తొందరపెట్టాను గానీ చల్లగాలి కొట్టమన్నానా అన్నాను. అప్పుడు మనుషులందరూ వింటుండగా, "పైకి వచ్చి చూసుకోవాల్సింది మీరు కదండీ. ఏడాదై నిచ్చెన మీద కాలు పెట్టని మనిషికి అతుకుల గురించి మాట్లాడే హక్కు లేదు" అన్నాడు. పొమ్మన్నాను. పోయాడు. సగం మందికి పైగా వాడి వెనకే పోయారు. ఆ రోజే ఇంకో కాంట్రాక్టరు దగ్గర చేరారట. పొడుగు, గొణుగుడాయన, ఇంకో ఇద్దరు మిగిలారు. మిషను నడపడం వీళ్ళలో ఎవరికీ రాదు.

ఎక్కడున్నావని అడిగావు కదా. కింద ఉన్నాను. పోయిన ఏడు ఒక పిట్టగోడ పక్కన వంగి లేస్తుంటే తల తిరిగింది. ఆకాశం కిందికి వచ్చింది, కాళ్ళ కింద ఏమీ లేదు. ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. అప్పటినుంచి నిచ్చెనలో సగానికి వెళ్ళేసరికి చెమటలు పడతాయి. ఫోన్లు వస్తున్నాయని, సామాను రావాలని ఏదో ఒకటి చెప్పి కింద ఉండిపోతున్నాను. మీ అత్తకి కూడా చెప్పలేదు. నీతో నడవడం నాకు చిన్నతనమా? నువ్వు నిచ్చెన ఎక్కుతుంటే కింద నిలబడి నీ మడమలు చూశాను, అంతవరకే నాకు చేతనైంది. చదివావుగా, చింపెయ్యి.

ఇప్పుడు సంతోషించు. దక్షిణం వైపు అతుకుల్లో ప్రతిదాని మీదా కొత్త పట్టీ వెయ్యాలి, అంచు షీటు మార్చాలి, మనుషుల్లేరు, రోజూ సాయంత్రానికి మబ్బు పడుతోంది. సెంటరు మూయడం కుదరదంది డాక్టరమ్మ. జాలిపడి ఏదో చేద్దామని మాత్రం ఇటు రాకు. నీ జాలి నాకు అక్కర్లేదు.

మామయ్య


జూన్ 2

అమ్మా ఇన్‌స్పెక్టరమ్మా,

ఇవాళ మీ కంపెనీ నుంచి కాగితం వచ్చింది. నా పనికి ఇకమీదట నువ్వు ఇన్‌స్పెక్టరువి కావట. నీ కోరిక మీదే మార్చారట.

అంటే, నా తల తిరుగుడు సంగతి నీ చెవిన వేశాక చేతులు దులుపుకున్నావన్నమాట. మునిగే పడవలోంచి దూకేశావు. కక్ష ఉన్నదానివి కనీసం చివరిదాకా నిలబడి కక్ష తీర్చుకుంటావనుకున్నాను. అదీ చేతకాలేదు నీకు. మీ అత్త "తొందరపడి ఏమీ రాయకండి" అంది. తొందరపడే రాస్తున్నాను.

నాకు మేనకోడలు లేదు. అక్కకి చెప్పు.


జూన్ 2

మామయ్యా,

నీ మే 26 ఉత్తరం పనిలో ఉండగా అందింది. చదివి కారులో కూర్చుని అరిచాను. అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఏడాది పాటు దాచావా? చెవి లోపల ఏ చిన్న తేడా ఉన్నా అలా తిరుగుతుంది, డాక్టరు చూస్తే తగ్గేదేమో. నువ్వు మాత్రం ఊరందరితో కోపిష్ఠి అనిపించుకున్నావు గానీ, భయపడ్డానని ఒక్కరితో అనలేదు. నాతో నడవలేదని నేను ఆ రోజంతా కుమిలిపోయాను. ఒక్క ముక్క చెబితే అయిపోయేదానికి!

నీ పని ఇన్‌స్పెక్టరుగా నన్ను తప్పించమని కంపెనీకి రాశాను. నీకు కాగితం వస్తుంది. తనిఖీ చేసేవాళ్ళు ఆ పని ముట్టుకోకూడదు. ఇప్పుడు నేను ముట్టుకోవచ్చు. సెలవు పెట్టాను. శనివారం పొద్దున సెంటరు దగ్గర ఉంటాను. నీకోసం కాదు, జాలితో అసలే కాదు. ఆ ఎర్ర గీతలు గీసింది నేను, అవి అలా వదిలేసి వాన కోసం చూస్తూ కూర్చోలేను.

కానీ నా షరతులు విను. పైన నా మాటే చెల్లాలి. ఎవరు ఏ మిషను నడపాలో, ఎప్పుడు ఆపాలో నేను చెబుతాను. ఒక్కో మిషనుకి ఒక్కో లావు కేబులు కావాలి, శనివారానికల్లా తెప్పించు. అందరూ బెల్టు కట్టుకోవాలి, తాడు తగిలించుకోవాలి. నువ్వు కిందే ఉండు. నిచ్చెన ముట్టుకోకు.

అమ్మ కూడా వస్తానంటోంది. వద్దన్నాను. వస్తుంది.

చిటపట


జూన్ 25

మామయ్యా,

నేను నిన్ను పదిమందిలో అవమానించానని అత్తయ్యతో అంటున్నావట, అత్తయ్య అమ్మకి చెప్పింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. అవమానం ఎక్కడుందో చూపించు. మేనకోడలు లేదన్న నీ ఉత్తరం, నాది దారిలో ఉండగా రాసిందని వదిలేశాను.

సెంటరు పైకప్పు మీద ఆఖరి రోజు అది. పట్టీలన్నీ అయిపోయాయి. దక్షిణపు అంచున కొత్త షీటు పరిచి, ఒక వైపే స్క్రూలు బిగించాం. రెండో వైపు ఇంకా వదులుగా ఉంది. గాలి ఒక్కసారిగా లేచింది. పొడుగూ నేనూ షీటు మీద పడ్డాం. చివర గొణుగుడాయన ఒక్కడే ఉన్నాడు. తాడు అడ్డం వస్తోందని ఆ నిమిషంలోనే బెల్టు కొక్కెం తీసి అటువైపు మారుతున్నాడు. షీటు తెరచాపలా ఉబ్బి ఆయన్ని పిట్టగోడ వైపు ఈడ్చుకుపోతోంది. వదిలెయ్యమని అరిచాను. గాలిలో వినిపించలేదో, వదలబుద్ధి కాలేదో.

అప్పుడు నిచ్చెన మీంచి నీ తల కనిపించింది. బెల్టు లేదు, చెప్పులు కూడా లేవు. పాక్కుంటూ వచ్చి ఆ అంచు మీద బోర్లా పడుకున్నావు. షీటు నీ బరువుకి కిందికి దిగింది. గొణుగుడాయన కూలబడ్డాడు.

"దిగు మామయ్యా" అన్నాను.

"ముందు స్క్రూలు కొట్టు" అన్నావు.

కళ్ళు గట్టిగా మూసుకున్నావు. నేనూ పొడుగూ నీ చుట్టూ స్క్రూలు కొట్టుకుంటూ వచ్చాం. గాలి తగ్గాక లెమ్మంటే నీ వేళ్ళు షీటుని వదల్లేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను. నా బెల్టు తీసి నీకు కట్టి, తాడు పట్టుకుని మెట్టు మెట్టూ చెబుతూ దింపాను.

నేల మీదకి వచ్చాక అన్నాను, "ఇంకోసారి నా పైకప్పు ఎక్కావంటే నిచ్చెన విరగ్గొడతా" అని.

నువ్వేమన్నావు? "నీ పైకప్పా?" అన్నావు. చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయావు.

నేను మిగిలిన అతుకు పూర్తిచేసి, అమ్మని ఎక్కించుకుని, మీ గుమ్మం తొక్కకుండానే వచ్చేశాను. నీ మొహం చూస్తే ఇంకా అరుస్తానని వచ్చేశాను. నువ్వు పడి ఉంటే అత్తయ్యకి నేను ఏ మొహం చూపించేదాన్ని? ఇన్ని రోజులైనా కళ్ళు మూసుకుంటే ఆ షీటు మీద బోర్లా పడుకుని కనిపిస్తున్నావు. అందుకే కోపం తగ్గడంలేదు.

ఇంకో విషయం. నన్ను మేస్త్రిగా వచ్చెయ్యమని అత్తయ్య చేత అడిగించావు. నవ్వినప్పుడు నీ నోటితోనే నవ్వావు కదా, అడిగేటప్పుడు అత్తయ్య ఎందుకు మధ్యలో? నువ్వు అడిగినా రాను. ఉద్యోగం మానేశాను. ఇక్కడ ఒక గోదాము పైకప్పు నా సొంతంగా ఒప్పుకున్నాను. మనుషుల్ని వెతుక్కుంటున్నాను. ఆ పక్కనే ఉన్న కాలేజీ కప్పుకి కూడా టెండరు పిలుస్తారట, నువ్వూ ధర ఇస్తావని విన్నాను. ఇవ్వు. నేనూ ఇస్తున్నాను.

చెవుల డాక్టరుకి చూపించుకున్నావా లేదా? దీనికి మాత్రం సమాధానం రాయి.

చిటపట


జూలై 3

చిటపటా,

చూపించుకున్నాను. మందు ఇచ్చాడు, తల అటూ ఇటూ తిప్పే కసరత్తు చెప్పాడు. మీ అత్త ఎదురుగా కూర్చుని చేయిస్తోంది. నా తల నా ఇష్టం అంటే వినదు.

సోమవారం నువ్వు మానేసిన కంపెనీ కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కళ్ళజోడు, మాట లేదు, చేప పట్టేవాడిలా కొక్కెం పట్టుకున్నాడు. పైన చాలాసేపు ఉన్నాడు. దిగి వచ్చి, అంతా బాగుంది, ఒక గొట్టం మొదట్లో వేలెడు చోట అతుకు పట్టలేదు అన్నాడు. అది నువ్వు వేసిన అతుకే, నేను వాకబు చేశాను. నువ్వు అనుకునేంత గొప్పదానివి కాదు. గొణుగుడాయన గొణుక్కుంటూ వెళ్ళి దాన్ని అతికించి వచ్చాడు. పాసయింది.

ఆ పైకప్పు నీది కాదు. కాంట్రాక్టు నాది, సంతకం నాది, పదేళ్ళు గ్యారంటీ ఇచ్చింది నేను. ఈ ముక్క నీకు ఎన్నిసార్లయినా రాస్తాను.

మొన్న వాన దంచి కొట్టింది. ఇంట్లో ఉండబుద్ధి కాక గొడుగు వేసుకుని సెంటరుకి వెళ్ళాను. లోపల అందరూ మంచాల మీద ఉన్నారు. నేను గోడవార కుర్చీలో కూర్చుని కప్పు వైపు చూస్తూ ఉన్నాను. పైన వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఉంది. పోయిన ఏడు పాత కప్పు కింద ఆవిడ కాళ్ళ దగ్గర బకెట్టు పెట్టేవాళ్ళట. "ఈ కప్పు మీరేనా బాబూ వేసింది?" అని అడిగింది. "నా మేనకోడలు వేసింది" అన్నాను. నోరు జారింది. దాన్ని పట్టుకుని వేలాడకు.

కాలేజీ పనికి ధర పంపేశాను. నీకంటే తక్కువే ఉంటుంది. ఓడిపోతే ఏడవకు.

పొడుగు వచ్చి నీ దగ్గరికి వెళతానన్నాడు. నోటికి వచ్చినట్టు తిట్టాను. వాడు తల వంచుకుని, తిట్టడం అయ్యేదాకా నిలబడి, "వెళ్ళనాండీ మరి?" అని మళ్ళీ అడిగాడు. ఏం చెయ్యను? గొణుగుడాయన్ని మాత్రం ఇవ్వను. పక్కన ఆ గొణుగుడు లేకపోతే పని జరుగుతున్నట్టే ఉండదు నాకు. పొడుగు సోమవారం పొద్దునకి నీ గోదాము దగ్గర ఉంటాడు. ఆలస్యంగా వస్తే నువ్వు వెనక్కి పంపేస్తావని చెప్పాను, కాబట్టి ఆదివారమే వచ్చి గేటు ముందు కూర్చుంటాడేమో, తరిమెయ్యకు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, నిన్ను అక్కడ ఏమని పిలవాలని అడిగాడు. మేస్త్రి గారూ అనమన్నాను.

కోపం తగ్గనివాడు,
మామయ్య